జంగిల్ క్లియరెన్స్

తలుపుంటే తలుపుకి అంటిస్తాం,
గోడుంటే గోడకి.
నల్లపాడు రోడ్డు దిగాక మూడో అడ్డవీధిలో
ఆ ఎనభై గజాల స్థలానికి
తలుపూ లేదు, గోడా లేదు,
ఎవరూ నాటని సర్కారు తుమ్మ ఒకటుంది.
సర్కారు కాగితాన్ని సర్కారు తుమ్మకే
పురికొసతో కట్టి వచ్చాను.
కట్టిన వేలికి ఒక ముల్లు మిగిలింది.
రిజిస్టర్లో దానికి గడి లేదు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా,
ఏడు దినముల లోపు
తమ స్థలమందలి ముళ్ళపొదలు, పిచ్చిమొక్కలు తొలగించనియెడల
కార్పొరేషను వారే తొలగించి
అయిన ఖర్చును అపరాధ రుసుముతో సహా
ఖాళీ స్థలం పన్నులో కలిపి వసూలు చేయుదురు."
ఈ వాక్యం నేను రాసింది కాదు.
నేను ఉద్యోగంలో చేరేనాటికే ఉంది.
పేరు, తేదీ నింపడం వరకే నా చేతిరాత.

ఫిర్యాదు పక్కింటి శరభయ్య గారిది.
ట్రెజరీలో చేసి రిటైరయ్యారు.
బాత్రూంలోకి కట్లపాము వచ్చిందట,
మనవడికి డెంగీ అట,
ఆస్పత్రి బిల్లుల జిరాక్సులు కూడా జతచేశారు.
అబద్ధమేం కాదు.
పాము కుబుసం నేనే చూశాను,
వయ్యారిభామ మొక్కల నడుమ
ఆరేసి మరిచిపోయిన రిబ్బనులా.
వయ్యారిభామ!
ఊపిరి సలపనివ్వని మొక్కకి
ఆ పేరు పెట్టినవాడు
దూరం నుంచే చూసి వెళ్ళుంటాడు.

నాలుగోసారికి ఫోనెత్తింది నాగూర్‌బీ.
వెనకాల మిరపఘాటుకి ఎవరో తుమ్ముతున్నారు.
"యార్డులో ఉన్నానమ్మా, తొడిమలు తీస్తన్నా.
ఆ చెట్టు నేను నాటలా, నీళ్ళు పొయ్యలా,
నాదెట్టా అయిద్ది?"
నేల మీదే కదా, అన్నాను.
అంతకంటే మంచి జవాబు నాకెవరూ నేర్పలేదు.
"మిషను పెడితే ఎంతయిద్ది?"
నాలుగు వేలు.
అటునుంచి కాసేపు మాటలేదు.
రూపాయల్లో కాదు, కిలోల్లో లెక్కేస్తోందని
నాకు తర్వాత తెలిసింది.

ఏడో రోజు తెల్లారుతూనే వచ్చింది,
ఒక మచ్చుకత్తి, అరువు గొడ్డలి,
బడి మానిపించిన చెల్లెలి కూతురు.
ఉత్తరేణి, జిల్లేడు, ఉమ్మెత్త పడ్డాయి.
చీర కుచ్చిళ్ళ నిండా పల్లేరుకాయలు.
"మిరప తిన్న వేళ్ళమ్మా ఇవి,
ముల్లు గుచ్చుకుంటే రేపెప్పుడో తెలుస్తది" అంది,
తుమ్మ మొదలు మీద గొడ్డలి ఆపి, ఊపిరి తీసుకుంటూ.

మధ్యాహ్నానికి నేల కనిపించింది.
నేలకంటే ముందు కనిపించినవి చాలా ఉన్నాయి.
కొబ్బరి చిప్పలు, పగిలిన వాష్‌బేసిను,
మందుల అట్టలు, టానిక్ సీసాలు,
చిరునామా చెరగని పాత కవర్లు.
ఒక చిప్పలో వాననీళ్ళు,
నీళ్ళలో తలకిందులుగా ఆడుతున్న పురుగులు.
పైన మొలిచినవి నాగూర్‌బీవి.
కింద పడ్డవి గోడ మీదుగా వచ్చినవి.
నోటీసులో మొలిచినవాటికే పేరుంది.

ఆమె ఒక్క మాట అనలేదు.
పొద్దంతా యార్డులో చేసే పనే చేసింది,
కూర్చుని ఏరింది.
చిప్పలొక గుట్ట, గాజొక గుట్ట,
మందులూ కాగితాలూ ఒక గుట్ట,
తాలుకాయ ఒక్కటీ కలవకుండా.
మూడు గుట్టల్నీ మోసుకెళ్ళి
శరభయ్య గారి గేటు ముందు, ముగ్గు తొక్కకుండా,
వరసగా పోసింది.
కిటికీ తెర కదిలింది. గేటు కదల్లేదు.

"తీసేసినట్టు కాగితమేమన్నా ఇస్తారా అమ్మా?"
ఇవ్వం.
"మరి వానలు పడితే మళ్ళీ ఇదే చెట్టు, ఇదే కాగితమా?"
ఆ కాగితం కొట్టేసిన కొమ్మకి వేలాడుతూనే ఉంది.
పురికొస విప్పి ఆమే మడిచి దాచుకుంది.

యాప్‌లో రెండు ఫొటోలు పెట్టాలి, ముందు, తర్వాత.
సంచిలో ఖాళీ ఫారాలు ఇంకా పదకొండున్నాయి.
ఒకదాని మీద ఏ పేరు రాయాలో నాకు తెలుసు.
నెలాఖరు. మా ఇంజనీరు గారూ, ఆయనా
పొద్దున్నే కలిసి నడుస్తారు.
ఆ గేటు ఫొటోలో పడకుండా
నాలుగడుగులు ఎడమకి జరిగి తీశాను.
బాగా వచ్చింది.
ఎర్రటి నేల, కొట్టేసిన మొదలు,
అంచున
ఎవరిదో తెలియని చెయ్యి, పల్లేరుకాయలు తీసుకుంటూ.